కొట్టని దెబ్బల సాక్ష్యం

జనవరి 17

మంచిర్యాలలో గొంతు డాక్టరు దగ్గరికి పోయి వచ్చాను. నోట్లో ఒక చిన్న అద్దం పెట్టి చూసి, గొంతు తీగల మీద కాయలు కాశాయన్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు. బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు బెల్లంపల్లి వారపు అంగట్లో సువార్త చెబుతాను అన్నాను. మైకులోనా అన్నాడు. మైకు ఉంది కానీ దాని మీద నాకు అంత నమ్మకం లేదు, దాంతో పాటు నేనూ అరుస్తాను అన్నాను. డాక్టరు కాసేపు నన్ను చూసి, ఈ నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దట. అది ఇంకా చెడ్డదట. వినకపోతే కోసి తీయాల్సి వస్తుంది, తర్వాత గొంతు వస్తుందో రాదో తాను చెప్పలేనన్నాడు.

సరే అన్నాను. అదే ఆఖరి మాట.

చెప్పాలనిపించింది రాసుకొమ్మన్నాడు. ఈ డైరీ మందుల షాపువాడు ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగున దగ్గుమందు సీసా బొమ్మ ఉంది. మనుషులతో పనికి ఒక పలక కొన్నాను. పాస్టరుకు చదువు వచ్చు, మా సంఘంలో హనుమండ్లుకు వచ్చు. ఐలవ్వకే రాదు. అంటే ఈ నెలంతా నా భార్యకు నేను ఏమీ చెప్పలేను. ఇబ్బందేమీ లేదు, మేము చెప్పుకునేది ఎప్పుడూ తక్కువే.

జనవరి 18

మాట్లాడలేదు.

జనవరి 19

ఆదివారం. సంఘంలో అందరూ నా గొంతు కోసం ప్రార్థన చేశారు. ప్రణయ్ పాస్టరు కళ్లు మూసుకుని చాలాసేపు చేశాడు. ఈ సంఘాన్ని మొదలుపెట్టిన పెద్ద పాస్టరు కొడుకు ఇతను. ప్రార్థన అయ్యాక అంగట్లో నా బదులు ఎవరు నిలబడతారని అడిగాడు. ఎవరూ లేవలేదు. చివరికి డోలక్ కొట్టే హనుమండ్లు తాను చెబుతానన్నాడు. నేను పలక మీద "దేవునికి స్తోత్రం" అని రాసి చూపించాను. నిజానికి నేను రాయాలనుకున్నది వేరు.

జనవరి 21

అంగడి. ఎప్పటిలాగే బజ్జీల బండి పక్కన మైకు సెట్టు పెట్టాము. రెండు పాటలు పాడారు. ఐలవ్వ కంజీర కొట్టింది. తర్వాత హనుమండ్లు సాక్ష్యం చెప్పాడు. ఆయన సాక్ష్యం మొత్తం ఇది: "ఎన్కట ఒకసారి నాకు కడుపునొచ్చింది. ప్రార్థన చేసిన. తక్కువైంది." మైకు తిరిగి ఇచ్చేశాడు.

ఎవరూ ఆగలేదు. ఒక మేక ఆగింది. అది కరపత్రాల కోసం.

నా సాక్ష్యం అట్లా ఉండదు. నేను రోజూ తాగి వచ్చేవాడిని. ఐలవ్వను రోకలితో కొట్టేవాడిని. ఒకనాడు ఆమె మెడలో పుస్తెల తాడు తెంపుకుపోయి అమ్మి తాగాను. ఆ మర్నాడే బాయిలో పైకప్పు కూలింది, బొగ్గు కింద చీకట్లో పడి ఉంటే ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు, అప్పుడు నేను మారాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. బజ్జీలు కొనడానికి వచ్చినవాళ్లు బజ్జీలు చల్లారేదాకా నిలబడతారు.

ఇందులో పైకప్పు కూలింది నిజం. పిలుపు నిజం.

మొదటిసారి నిలబడ్డప్పుడు ఉన్నదే చెప్పాను. నాకు తాగుడు లేదు. దసరాకు గ్లాసెడు కల్లు తాగితే రెండు రోజులు తల పట్టుకుని పడుకుంటాను. డ్యూటీకి పోయేవాడిని, వచ్చేవాడిని, ఒకనాడు నమ్ముకున్నాను. ఇట్లా చెబితే ఎవరు వింటారు? పెద్ద పాస్టరు ఇంటికి పోతూ నా భుజం మీద చేయి వేసి, "వెలుగు మంచిగున్నది రాజం, చీకటే సాల్తలేదు" అన్నాడు. మరుసటి అంగడికి ఒక సీసా కలిపాను. నలుగురు ఆగారు. తర్వాత దెబ్బలు కలిపాను. పుస్తెలు అమ్మిన రోజు బజ్జీల అతను జల్లిగంటె నూనెలో వదిలేశాడు.

నేను కల్పించినవి కావు. అవన్నీ బాయిలో నా జోడి గంగయ్య చేసిన పనులు. గంగయ్య మారకముందే పోయాడు. ఆయన తరఫున ఎవరో ఒకరు మారాలి కదా.

జనవరి 22

ఇంకొకటి కూడా రాసి పెడతాను, ఎట్లాగూ కాగితం ఉంది. పుస్తెలు అమ్మేశానని చెప్పిన మనిషి పక్కన భార్య పుస్తెలతో నిలబడితే బాగుండదు. అందుకని అంగడి రోజు మెడ మీదికి కొంగు కప్పుకొమ్మని ఐలవ్వకు చెప్పాను. ఆమె పుస్తెల తాడు తీసి పెట్టెలో పెట్టేసింది. నేను కప్పుకొమ్మన్నాను గానీ తీయమనలేదు.

కూరగాయలు అమ్మే ఆడవాళ్లు ఐలవ్వకు ఎప్పుడూ గుప్పెడు ఎక్కువ వేస్తారు. పాపం అంటారు. ఆమె ఆ ఎక్కువది తీసి మళ్లీ గంపలో వేసి వస్తుంది. ఎందుకు వేస్తుందో నేను అడగలేదు.

జనవరి 24

వేములవాడ నుంచి అంతయ్య ఫోను. ఐలవ్వకు అన్న. గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం. బిడ్డ వందన పెండ్లి ఫిబ్రవరి ఇరవైకి పెట్టుకున్నారట. ఫోను ఐలవ్వ ఎత్తింది. ఆయన గొంతు ఫోనులోంచి నాకు బాగానే వినబడింది. నువ్వు మేనత్తవు, నువ్వు లేకపోతే పని నడవదు, వారం ముందే రా అన్నాడు. తర్వాత, "గాయినను మాత్రం తోల్కరాకు" అన్నాడు.

అంతయ్య మా గడప తొక్కక పదేళ్లవుతుంది. అప్పుడు చెల్లెను చూసిపోదామని వచ్చి బెల్లంపల్లి బస్టాండులో దిగాడు. ఆ రోజు అంగడి. మైకులో నేను పుస్తెలు అమ్ముతున్నాను. నేరుగా వచ్చి ఐలవ్వ మెడ చూశాడు, బోసిగా ఉంది. ఇంటికి పోయాక ఐలవ్వ పెట్టె తీసి పుస్తెలు చూపించింది, ఆయన తాగడు, కొట్టడు, అది ఊరికే చెప్పుకునేది అన్నది. అంతయ్య నమ్మలేదు. చెల్లె మొగుణ్ని కాపాడుకుంటోంది, ఈ పుస్తెలు మళ్లీ చేయించినవి అనుకున్నాడు. అన్నం కూడా తినకుండా పోయాడు.

నాకేమీ బాధ లేదు. సేవలో ఉన్నవాళ్లకు చుట్టాలు దూరమవడం ఉన్నదే.

ఫోను పెట్టేశాక ఐలవ్వ నా ముందు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది. చాలాసేపు ఏరింది. తర్వాత తల ఎత్తకుండానే, "నీ గొంతు మంచిగైనంక మా అన్నకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. గింతే" అన్నది. నేను పలక మీద "చెబితే సాక్ష్యం పోతుంది" అని రాశాను. ఆమె పలక వైపు చూసింది. నేను తుడిచేశాను.

జనవరి 26

ఆరాధన అయ్యాక పాస్టరు ఇంటికి వచ్చాడు. హనుమండ్లు కడుపునొప్పితో ఆత్మలు రావట్లేదన్నాడు, అంటే కొత్తవాళ్లెవరూ సంఘంలోకి రావట్లేదని. ఐలవ్వ వైపు తిరిగి, "అక్కా, అన్న సాక్ష్యం మీరే చెప్పండి. దెబ్బలు తిన్నది మీరే కదా" అన్నాడు.

ప్రణయ్‌కు ఇది కథ అని తెలియదు. చిన్నప్పటి నుంచి నా సాక్ష్యం వింటూ పెరిగాడు. ఒకసారి దాన్ని తలుచుకునే తాను సేవలోకి వచ్చానని చెప్పాడు.

ఐలవ్వ ఎన్నడూ మైకు ముట్టలేదు. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. తప్పకుండా వద్దంటుంది అనుకున్నాను.

"చెప్త" అన్నది.

జనవరి 27

ఐలవ్వ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. నా మొగుడు ఎన్నడూ కొట్టలేదంటుంది. పుస్తెలు వేసుకుని వచ్చి మరీ చెబుతుంది. ఇరవై ఏళ్ల సేవ బజ్జీల బండి పక్కన పోతుంది. పలక మీద ఎంత రాసినా లాభం లేదు. రెండు చేతులూ జోడించి చూపించాను. ఆకలేస్తోందనుకుని అన్నం పెట్టింది. లేక అర్థమై కూడా పెట్టిందో.

జనవరి 28

అంగడి. నిదానంగా రాస్తాను.

ఐలవ్వ మెడలో పుస్తెలు లేవు. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. మైకు రెండు చేతులతో పట్టుకున్నది, బిందె పట్టుకున్నట్టు. నేను పక్కన, ఆమె ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. కంజీర నా చేతికి ఇచ్చింది.

"నా పేరు ఐలవ్వ. గీయిన నా మొగడు. గీయిన నన్ను కొట్టేటోడు."

నేను ఇరవై ఏళ్లుగా కొట్టేవాడిని, కొట్టేవాడిని అంటూనే ఉన్నాను. ఆ మాట నా నోట్లోంచి పోయేటప్పుడు బరువుండేది కాదు. చెప్పాక కొంచెం గొప్పగా కూడా ఉండేది. ఇవాళ ఆమె అన్నప్పుడు అంగట్లో తక్కెళ్లు ఆగాయి. అందరూ నన్ను చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాదు అని అరవాలనిపించింది. అరిస్తే గొంతు పోతుంది. గొంతు ఉన్నా ఏమని అరుస్తాను?

రోకలి సంగతి చెప్పింది. నేను రోకలితో కొట్టేవాడిని అని మాత్రమే చెబుతాను, ఎక్కడ తగిలిందో నాకెప్పుడూ తట్టలేదు. ఆమె ఎడమ భుజం మీద చేయి పెట్టుకుని, గిక్కడ, అన్నది. వాన పడితే ఇప్పటికీ గుంజుతదన్నది. అబద్ధమని నాకు తెలుసు. అయినా నా భుజం గుంజింది.

పుస్తెలు అమ్మింది చెప్పింది. అక్కడ ఆగి, నా సాక్ష్యంలో లేనిది మొదలుపెట్టింది.

"ఊరందరితోని మంచిగ మాట్లాడేటోడు. గల్లి గల్లి తిరిగి చెప్పేటోడు. ఇంటికొస్తె నాతోని మాట లేకపోవు. కూరల ఉప్పు తక్కువైతె గదొక్కటే చెప్పేటోడు. నాకు జరమొచ్చి పండుకుంటె, కంజీర ఎవలు కొడ్తరని అడిగిండు."

కూరగాయల గంపల దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బజ్జీల అతను మంట తగ్గించాడు. ఐలవ్వ "గంతే" అని మైకు ఇచ్చేసింది.

బాయిలో పైకప్పు చెప్పలేదు. పిలుపు చెప్పలేదు. నేను మారింది చెప్పలేదు. వెలుగు మొత్తం వదిలేసింది. హనుమండ్లు గబగబా ముందుకొచ్చి తర్వాత మారిండు, తర్వాత మారిండు అన్నాడు, కానీ అప్పటికే మైకు కట్టేశారు.

ఇంటికి వచ్చాక చెప్పులు విడుస్తూ, "ఎట్లున్నది?" అని అడిగింది. నేను పలక తీసుకోలేదు.

జనవరి 31

చాయ్ దుకాణంలో నాకు చాయ్ ఆఖరికి పోశారు. నా తర్వాత వచ్చినవాళ్లకు ముందు పోశారు. గల్లీలో ఆడవాళ్లు నన్ను చూసి బిందె ఆ చంకలో నుంచి ఈ చంకలోకి మార్చుకుంటున్నారు.

బాయిలో నాతో పని చేసిన ఇద్దరు దారిలో ఆపారు. ఇన్నేళ్లు మైకులో నేను చెబుతుంటే వీళ్లెప్పుడూ చెవి పెట్టలేదట, పాట అనుకున్నారట. ఇప్పుడు విన్నారు. కొట్టడం గురించి వాళ్లేమీ అనలేదు. "ముప్పై ఏండ్లు మాతోని తాగనని చెప్పి, దొంగచాటుగ ఒక్కనివే తాగినవా రాజం?" అని ఒకడు చాలా నొచ్చుకున్నాడు. తాగలేదని చేయి ఊపాను. ఇంకా ఎక్కువ నొచ్చుకున్నాడు.

ఫిబ్రవరి 2

సంఘంలో ఎవరో అంగడి వీడియో తీసి ఫోన్లలో పంపారట. పాస్టరు సంతోషంగా ఉన్నాడు. ఇంతమంది ఎన్నడూ చూడలేదన్నాడు. ఈసారి వెలుగు కూడా చెప్పక్కా అంటే ఐలవ్వ, "వెలుగు ఆయన చెప్పుకుంటడు, గొంతొచ్చినంక" అన్నది.

ఫిబ్రవరి 4

అంగడి. జనం ముందే వచ్చి నిలబడ్డారు. నా ఇరవై ఏళ్లలో అట్లా నిలబడలేదు. నాకు అసూయ లేదు. కంజీర బాగా కొట్టానని హనుమండ్లు అన్నాడు.

ఐలవ్వ అదే చెప్పింది. ఈసారి ఉప్పు సంగతి ఇంకొంచెం పొడుగ్గా చెప్పింది.

ఫిబ్రవరి 5

ఇంట్లో ఐలవ్వ ఇప్పుడు మాట్లాడుతోంది. నాకు గొంతు లేదు కాబట్టి మధ్యలో ఆపేవాడు లేడు. చిన్నప్పుడు వాళ్ల బాపు అంగడికి పోతే సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకునేవాడట. ఆమెకు పాముల కన్నా బల్లులంటే భయమట. నాతో ముప్పై రెండేళ్ల కాపురం. ఈ బల్లి సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 8

అంతయ్య వచ్చాడు. ట్రాలీ ఆటో కట్టించుకుని, ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు. వీడియో వేములవాడ దాకా పోయింది.

లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, సామాను సర్దుకో చెల్లె, ఇంక ఇక్కడ ఉండుడు లేదు అన్నాడు.  అంతయ్య నా వైపు తిరిగి, కొట్టినవా లేదా చెప్పు అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నోరు తెరిచి చెప్పు అన్నాడు. గొంతు చూపించి, పలక మీద "నేను కొట్టలేదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆయన చదివాడు. వెంట వచ్చిన ఇద్దరికీ చూపించాడు.

"అంగట్ల ఇరవై ఏండ్లు మైకుల చెప్పి, ఇప్పుడు ఇంట్ల పలక మీద రాస్తవా బావా? మైకుల చెప్పినోనివి మైకుల్నే చెప్పు."

పలక నాకు తిరిగి ఇచ్చాడు. విసిరికొట్టలేదు. విసిరికొడితే బాగుండేది.

ఐలవ్వ లోపలికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చింది. పెండ్లి పని ఉంది కదా, ఎట్లాగూ పోవాలి అన్నది. ఆ మాట నాకు చెప్పిందో అన్నకు చెప్పిందో తెలియదు. ట్రాలీలో వెనకాల కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్నది. వెళ్లేటప్పుడు నన్ను చూసింది. నేను ఏదో ఒకటి అంటానేమో అని చూసింది. ఆ చూపు నాకు తెలిసింది. డాక్టరు గుసగుస కూడా వద్దన్నాడు. నేను చేయి ఊపాను.

ఫిబ్రవరి 9

ఐలవ్వ లేదు.

ఫిబ్రవరి 10

పప్పు మాడింది.

ఫిబ్రవరి 11

అంగడికి పోలేదు. పెట్టె తీసి చూశాను. పుస్తెల తాడు లేదు. తీసుకుపోయింది. నా పక్కన నిలబడేటప్పుడు తీసేసింది, నన్ను వదిలిపోయేటప్పుడు వేసుకుంది.

ఇంట్లో చప్పుడు లేదు. ఇన్నేళ్లు నేను మాట్లాడేది తక్కువే అయినా, మాట్లాడకుండా ఉండడానికి ఒక మనిషి ఎదురుగా ఉండేది. ఇప్పుడు మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదు. నాకు ఐలవ్వ కావాలి. ఇది ఇట్లా రాసిపెట్టడానికి ఎవరిదీ అనుమతి అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 14

పాస్టరు వచ్చి పోయాడు. సాతాను కుటుంబం మీద పడ్డాడన్నాడు. మార్చిలో మంచిర్యాలలో పెద్ద సభలు ఉన్నాయట, భార్యాభర్తలు ఇద్దరినీ ఒకే వేదిక మీద నిలబెట్టి, చీకటి ఆమెతో, వెలుగు నాతో చెప్పిస్తామని అడిగారట. అక్కను తొందరగా తీసుకురా అన్నా అన్నాడు. నేను పలక మీద, నేను ఆమెను ఎన్నడూ కొట్టలేదు అని రాశాను.

ప్రణయ్ నవ్వాడు. ప్రభువు కడిగేశాక కొట్టనట్టే అన్నా, అన్నాడు.

మళ్లీ రాశాను. నిజంగానే కొట్టలేదు. తాగలేదు. అది గంగయ్య.

చదివి, నీళ్లు అడిగి తాగాడు. "ఇది నాన్నకు తెలుసా?" అన్నాడు. తల ఊపాను. పలక తానే తుడిచి, బయట ఎవరికీ చెప్పొద్దన్నా, అని లేచి పోయాడు. పాపం చిన్నవాడు. వాకిట్లో మోటారు సైకిలు స్టార్టు చేయడానికి చాలాసార్లు తన్నాడు.

ఫిబ్రవరి 17

డాక్టరు చూశాడు. కాయలు కరిగాయి. రోజుకు ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, మెల్లగా, అరవకూడదు. ఇంక అంగట్లో మైకు మీద అరిచే పని జన్మలో వద్దన్నాడు. సరేనండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, చిల్లు పడ్డ సైకిలు ట్యూబులాగా.

అంతయ్యకు ఫోను చేయొచ్చు. ఐదు నిమిషాలు చాలు. ఫోను చేతిలో పట్టుకున్నాను. మైకుల చెప్పినోనివి మైకుల్నే చెప్పు అన్నాడు ఆయన ఆ రోజు. ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 20

వేములవాడ. బస్టాండులోనే రాస్తున్నాను, తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉంది.

ఉదయం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. కండక్టరుకు కూడా వేలితో చూపించాను. పెండ్లి ఊరి బయట ఫంక్షన్ హాలులో. పిలవని పెండ్లికి పోవడం నాకు ఇదే మొదటిసారి, పిలవని చోట మాట్లాడడం అలవాటే.

నేను పోయేసరికి తలంబ్రాలు అయిపోయాయి. ఒక పక్క బంతి భోజనాలు, ఇంకో పక్క కట్నాలు రాసే బల్ల. ఒకాయన డబ్బులు తీసుకుని రాసుకుంటాడు, ఆయన పక్కనే ఇంకొకాయన మైకులో ఊరు, పేరు, ఇంత కట్నం అని చదివిస్తాడు. హాలు మొత్తంలో మైకు అదొక్కటే. నేను పోయి వరుసలో నిలబడ్డాను. నా ముందు సిరిసిల్ల వాళ్లు ఐదుగురు ఉన్నారు.

నా వంతు వచ్చింది. వెయ్యి నూటపదహార్లు బల్ల మీద పెట్టాను. ఏ ఊరు, ఏం పేరు అని అడిగాడు. "నేనే చెప్త" అని మైకు కోసం చేయి చాపాను. చుట్టాలు ఒక్కోసారి తామే చెప్పుకుంటారు కాబట్టి ఇచ్చేశాడు. అప్పుడు హాలులో ఎవరో నన్ను గుర్తుపట్టారు. సువార్త మొదలుపెడతాడని ఒకాయన ఉరికి వైరు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను రాజం. బెల్లంపల్లి. ఐలవ్వ మొగణ్ని. నేను ఐలవ్వను ఎన్నడు కొట్టలే. నాకు తాగుడు లేదు. ఆమె పుస్తెలు నేను అమ్మలే. ఇరవై ఏండ్ల సంది అంగట్ల చెప్పింది అబద్ధం. నలుగురు ఆగి ఇంటరని చెప్పిన."

ఇంతే చెప్పాను. గొంతు రెండుసార్లు తెగింది. భోజనాల దగ్గర ఎవరో బగారన్నం ఇటు ఇటు అని పిలుస్తున్నారు. రాసే ఆయన కలం పట్టుకుని, "రాజం, వెయ్యి నూటపదహార్లు, గంతే గదా?" అన్నాడు. గంతే అన్నాను. మైకు తీసుకుని అది చదివించాడు.

అంతయ్య వచ్చాడు. పెండ్లికూతురు తండ్రి కాబట్టి కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు, కొట్టడానికి అనువుగా లేదు.  ఆ పక్కనే ఐలవ్వ ఒడిబియ్యం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పసుపు చీర. పుస్తెల తాడు చీర మీదికి వేసుకుని ఉంది.

"నిజమేనా చెల్లె?" అని అడిగాడు అంతయ్య.

ఐలవ్వ గిన్నె కింద పెట్టలేదు.

"పదేండ్ల సంది నేను నీకు గదే చెప్తున్న గదా అన్న. పుస్తెలు తెచ్చి చేతుల పెట్టి చెప్పిన. నమ్మకపోతివి. మైకుల అబద్ధం చెప్తె ట్రాలీ కట్టుకొని ఉరికొచ్చినవ్. ఇప్పుడు గీయిన మైకుల చెప్తె మల్ల నన్ను అడుగుతున్నవ్." తర్వాత నన్ను చూసింది. "ఇద్దరు ఇద్దరే. మీకు మైకు ఇనబడ్తది, నేను ఇనబడ."

మేమిద్దరం బావా బామ్మర్దులం పక్కపక్కన నిలబడ్డాము. పదేళ్లలో మేమిద్దరం ఒకే సంగతికి తల దించుకోవడం ఇదే మొదలు. ఐలవ్వ ఒడిబియ్యం పోయడానికి వెళ్లిపోయింది. వందన మేనత్త కోసం ఎదురు చూస్తోంది.

అంతయ్య చివరికి, తిని పో బావా, అన్నాడు. బంతిలో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా తిన్నాము. నాకింకా రెండు మూడు నిమిషాలు మిగిలి ఉన్నాయి, కానీ ఆయనతో చెప్పేది ఏమీ కనబడలేదు.

వచ్చేటప్పుడు ఐలవ్వను చూశాను. ఆమె పని మీద ఉంది. ఇంటికి వస్తావా అని అడగలేదు. అడిగే హక్కు ఇంకా రాలేదనిపించింది.

ఫిబ్రవరి 21

రాలేదు.

ఫిబ్రవరి 23

ఆదివారం. ఆరాధన తర్వాత నిలబడి సంఘం ముందు కూడా చెప్పేశాను. హనుమండ్లు ఒక్కడే, అయితే మరి గంగయ్య పెండ్లాం ఎట్లున్నదో ఎవరన్నా అడిగిన్రా, అన్నాడు. ఎవరూ అడగలేదు. గంగయ్య పోయాక ఆమె భైంసా దిక్కు తల్లిగారింటికి పోయిందని మాత్రం తెలుసు. ఆమె దెబ్బలను ఇరవై ఏళ్లు నేను వాడుకున్నాను, ఆమె పేరు కూడా ఎన్నడూ కనుక్కోలేదు.

మంచిర్యాల సభలు రద్దు చేయించానని పాస్టరు చెప్పాడు. కోపంగా లేడు. తాను దేని మీద నిలబడి సేవలోకి వచ్చాడో వెతుక్కుంటున్నట్టున్నాడు. అంగట్లో ఇంక నిలబడనని నేనంటే, అట్లా అనొద్దన్నా, ఐదు నిమిషాలే కదా, నిలబడు, సంఘం పేరు మాత్రం చెప్పకు అన్నాడు.

సాయంత్రం ఐలవ్వ వచ్చింది. బస్సుకు ఒక్కతే వచ్చింది. అంతయ్య ఇచ్చిన లడ్డూల డబ్బా అలమరలో పెట్టి, ఇల్లు చూసి, మాడిన గిన్నె చూసి, బూడిద తీసుకుని తోమడానికి కూర్చున్నది. నేను ఆమె పక్కన కూర్చుని ఇంకో గిన్నె తీసుకున్నాను. ఇవాళ్టి ఐదు నిమిషాలు సంఘంలోనే అయిపోయాయి. 

ఫిబ్రవరి 25

అంగడి. పొద్దున బయల్దేరేటప్పుడు కంజీర తీసుకుని రావా అన్నట్టు చూశాను. ఐలవ్వ రానన్నది. "నీ పక్కన నేను ఇంక నిలబడ. నాకు కూరగాయల పనున్నది" అన్నది. సంచి తీసుకుని నాకంటే ముందే పోయింది. పుస్తెలు చీర మీదే ఉన్నాయి.

పాస్టరు, హనుమండ్లు, నేను. పాటలు అయ్యాయి. మైకు తీసుకున్నాను. అరవలేదు. నా పేరు రాజం, నేను ఈ అంగట్లో ఇరవై ఏళ్లు అబద్ధం చెప్పాను అని మొదలుపెట్టాను. తాగలేదని, కొట్టలేదని, నా భార్య మాట వినలేదని చెప్పాను. ఆమెకు చేసినవాటిలో వినకపోవడం ఒక్కటే నిజమని చెప్పాను. బాయిలో పైకప్పు కూలినప్పుడు నన్ను ఎవరో పిలిచారని చెప్పాను, అది మాత్రం నిజం, కావాలంటే నమ్మండి అన్నాను.

చీకటి సరిపోలేదు. రోకలి లేదు, సీసా లేదు. ఎల్లిగడ్డలు అమ్మేవాడు తన రేటు నాకంటే గట్టిగా అరిచాడు. బజ్జీలు కొన్నవాళ్లు వేడివేడిగా తింటూ పోయారు. మూడు వారాల కింద ఐలవ్వ కోసం ముందే వచ్చి నిలబడ్డ వాళ్లు, ఆమె లేదని చూసుకుని పోయారు.

అప్పుడు ఐలవ్వ కూరగాయల వరుస నుంచి వచ్చింది. నా పక్కకు రాలేదు. ఎదురుగా, జనం నిలబడే చోట వచ్చి, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది. ముప్పై రెండేళ్లలో ఆమెను నేను ఆ వైపు నుంచి చూడలేదు. నా గొంతు మళ్లీ తెగింది. నీళ్లు తాగి, ఆమెకు వినబడేంత మాత్రం మాట్లాడాను. ఐదు నిమిషాలు అయ్యేదాకా ఆమె కదల్లేదు. అయ్యాక నా చేతిలో నుంచి ఒక కరపత్రం తీసుకుని, మడిచి కొంగున కట్టుకుని, సంచి ఎత్తుకుని పోయింది.

మైకు సెట్టు కట్టేస్తూ ప్రణయ్ పాస్టరు, ఇవాళ ఎవరైనా ఆగారా అన్నా, అని అడిగాడు. అతను వైర్లు చుడుతూ చూడలేదు.

ఒకరు ఆగారు అన్నాను.